ప్లస్ టూ తర్వాత కమ్యూనిటీ కాలేజీలో లాజిస్టిక్స్ డిప్లొమా: చెన్నైలో ఉన్నవాళ్లు చెప్పగలరా?

తిరువొత్తియూర్ అమ్మాయి:

అందరికీ నమస్కారం. మా వాళ్లది నెల్లూరు జిల్లా. నేను పుట్టి పెరిగింది మాత్రం తిరువొత్తియూర్‌లోనే. ఈ ఏడాది ప్లస్ టూ కామర్స్ పాసయ్యాను. నాన్న కంటెయినర్ ట్రైలర్ నడుపుతారు. కాట్టుపల్లి, ఎన్నూరు, శ్రీసిటీ, ఒరగడం, ఎక్కువగా ఈ రూట్లే. మా ఇంట్లో అన్నం తినేటప్పుడు కూడా యార్డు, సీల్, ఖాళీ బాక్స్, గేటు అనే మాటలే వినపడతాయి.

మా దగ్గర్లోని ఒక కమ్యూనిటీ కాలేజీలో లాజిస్టిక్స్‌లో ఏడాది డిప్లొమా ఉంది. ఫీజు డిగ్రీ కాలేజీ కంటే బాగా తక్కువ. కరపత్రం మీద నూటికి నూరు శాతం ప్లేస్‌మెంట్ అని వేశారు, ఏ కంపెనీల్లో అని అడిగితే మాత్రం పేర్లు చెప్పలేదు. ఇంకోపక్క బి.కామ్ సీటు కూడా వచ్చేలా ఉంది. అమ్మ డిగ్రీయే చెయ్యమంటోంది. నాన్నయితే, ‘బి.కామ్ చదివి బ్యాంకు పరీక్షలు రాయి, ఈ లారీల లైన్లో నీకేం పని’ అంటున్నారు.

నాకు ఈ పనే ఇష్టం. నాన్న రాత్రంతా క్యూలో ఉండి ఇంటికొచ్చినప్పుడు ‘పేపర్ రాలేదంట’ అని ఒక్క మాట అని పడుకుంటారు. ఆ పేపరేంటి, దాన్ని పంపాల్సింది ఎవరు, ఎందుకు రాలేదు, అవన్నీ తెలుసుకోవాలని ఉంది. ఈ డిప్లొమాకి బయట విలువ ఉందా? తర్వాత పై చదువుకి దారి మూసుకుపోతుందా? ఆడపిల్లలు ఈ లైన్లో ఉన్నారా? తెలిసినవాళ్లు చెప్పండి.

ఒరగడం గోడౌన్:

చెల్లీ, నేను ఒరగడంలో కార్ల విడిభాగాల గోడౌన్‌లో షిఫ్ట్ ఇన్‌ఛార్జిని. మాది సూళ్లూరుపేట. గోడౌన్ సంగతి నేను చెబుతా, పోర్టు సంగతి ఆ లైన్లో ఉన్నవాళ్లు చెబుతారు.

మా దగ్గరికి డిప్లొమా చేసినవాళ్లూ వస్తారు, డిగ్రీ చేసినవాళ్లూ వస్తారు. మొదట్లో ఎవరికైనా ఒకటే పని, స్కానర్ చేతిలో పట్టుకుని ఏ ర్యాక్‌లో ఏ బిన్ ఉందో ఒంటబట్టించుకోవడం. తేడా ఆ తర్వాత తెలుస్తుంది. లారీలోంచి దిగిన పెట్టెల లెక్క ఇన్‌వాయిస్‌తో కలవలేదనుకో, అక్కడికక్కడే ఆ తేడా రాసి, డ్రైవర్ బండి తీసేలోపే ఆయన సంతకం పెట్టించుకోవాలి. బండి వెళ్లిపోయాక ఎంత మొత్తుకున్నా పోయిన సరుకు మన నెత్తినే పడుతుంది. ఈ ఒక్క సంగతి కాలేజీలోనే నేర్చుకుని వచ్చిన పిల్ల మాకు పదిమంది పెట్టు.

ముందొచ్చిన సరుకు ముందు పంపాలి, మందులో తిండి సరుకో అయితే ఎక్స్‌పైరీ దగ్గరపడింది ముందు పంపాలి. పుస్తకంలో ఇది రెండు లైన్లే. నిండిపోయిన గోడౌన్‌లో చేసి చూపించడానికి మాత్రం తల ప్రాణం తోకకొస్తుంది. కాబట్టి గోడౌన్‌లో ప్రాక్టికల్ పెట్టించే కాలేజీ అయితేనే చేరు. ఎక్సెల్‌లో పివట్, వీలుకప్ ఇప్పటి నుంచే మొదలుపెట్టు. నైట్ షిఫ్టులు ఉంటాయి, కంపెనీ క్యాబ్ ఉంటుందో లేదో ముందే అడుగు. మా షిఫ్టులో స్టాక్ లెక్క చూసేది ఎక్కువగా ఆడవాళ్లే.

పారిస్ కార్నర్ అక్క:

చెల్లీ, ‘పేపర్ రాలేదంట’ అన్న మాట చదివి చేతిలో పని పక్కనపెట్టి రాస్తున్నా. ఆ పేపర్ పంపే పని నాదే. చెన్నై పారిస్ కార్నర్ దగ్గర ఒక కస్టమ్స్ బ్రోకర్ ఆఫీసులో (దిగుమతి, ఎగుమతి సరుకుకి కస్టమ్స్ కాగితాలు వేసే ఆఫీసు) చేస్తాను, జి కార్డు ఉంది (అదేంటో కింద చెప్తా). నాదీ కమ్యూనిటీ కాలేజీ డిప్లొమాయే. నాయుడుపేట నుంచి వచ్చినప్పుడు నాకు తమిళమూ రాదు, ఇంగ్లీషూ అంతంతమాత్రమే.

ముందు మీ నాన్నగారి పేపర్ గురించి చెప్తా. ఎగుమతి బాక్స్ (కంటెయినర్) అయితే షిప్పింగ్ లైన్ (ఓడ కంపెనీ) నుంచి ఫారం 13 రావాలి. అది లేకుండా పోర్టు గేటు దాటనివ్వరు. దానికంటే ముందు బాక్సుతో కలిపి మొత్తం బరువెంతో ప్రకటించాలి. దాన్ని వి.జి.ఎం. అంటారు, 2016 జులై 1 నుంచి ప్రపంచమంతా ఉన్న నియమం. దిగుమతి అయితే బిల్ ఆఫ్ ఎంట్రీ (ఏ సరుకు తెచ్చామో కస్టమ్స్‌కి ఇచ్చే ప్రకటన) వెయ్యాలి, డ్యూటీ కట్టాలి, కస్టమ్స్ వాళ్లు అవుటాఫ్ ఛార్జ్ (సరుకు వదిలే అనుమతి) ఇవ్వాలి, షిప్పింగ్ లైన్ డెలివరీ ఆర్డర్ ఇవ్వాలి, చివరికి సి.ఎఫ్.ఎస్. (పోర్టు బయట కంటెయినర్లు ఉంచి, తెరిచే యార్డు) వాళ్ల బాకీ తీర్చి గేట్ పాస్ తీసుకోవాలి. ఇందులో ఎక్కడ ఒక్కటి ఆగినా డ్రైవర్‌కి తెలిసేది ఒకటే మాట, పేపర్ రాలేదు.

ఒక ఉదాహరణ. మన నెల్లూరు రొయ్యల బాక్స్ అనుకో. మైనస్ 18 డిగ్రీల్లో పెట్టిన రీఫర్, అంటే ఫ్రిజ్ కంటెయినర్. కంపెనీ వాళ్లు పంపిన ఇన్‌వాయిస్‌లో 1,800 కార్టన్లని ఉంది, ప్యాకింగ్ లిస్టులో 1,780 అని ఉంది. అక్కడ ఎవరో టైప్ చేసేటప్పుడు పాత ఫైల్ తెరిచి ఉంటారు. షిప్పింగ్ బిల్లు (ఎగుమతికి కస్టమ్స్‌లో వేసే ప్రకటన) వేసేవాళ్లు ఒళ్లు దగ్గర పెట్టుకుని రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక ఫోనుతో సరిపోయేది. చూడకుండా వేసేస్తే తర్వాత సవరణకి దరఖాస్తు, ఆఫీసర్ చుట్టూ తిరగడం, ఈలోపు రోడ్డు మీద ట్రైలర్, దాని మీద చల్లదనం కోసం నడిచే జెన్‌సెట్ (జనరేటర్) డీజిల్ తాగుతూ, క్యాబిన్‌లో మీ నాన్నగారిలాంటి మనిషి నీళ్ల సీసాతో. ఓడకి సరుకు చేర్చాల్సిన గడువు (కటాఫ్) దాటితే ఆ వారం సరుకు పోనట్టే. నేను పనిలో చేరినప్పటి నుంచి ఇలాంటివి చూస్తూనే ఉన్నాను. అందుకే చెప్తున్నా, డ్రైవర్ ఇంట్లో పెరిగిన పిల్ల ఆ టేబుల్ దగ్గర కూర్చోవాలి. ఆ అంకె వెనక రోడ్డు మీద ఒక మనిషి ఉన్నాడని నీకు ఎవరూ గుర్తు చెయ్యక్కర్లేదు.

ఇక డిప్లొమా విలువ. కస్టమ్స్ బ్రోకర్లకి 2018 నాటి లైసెన్సింగ్ రెగ్యులేషన్స్ ఉన్నాయి. వాటి ప్రకారం బ్రోకర్ దగ్గర ఉద్యోగం చెయ్యడానికి కనీసం ప్లస్ టూ ఉండాలి, అది నీకుంది. మొదట హెచ్ కార్డు ఇస్తారు, దాంతో క్లియరెన్స్ పనిలో సాయం చెయ్యొచ్చు. కస్టమ్స్ పెట్టే పరీక్ష పాసైతే జి కార్డు. అప్పుడు బిల్ ఆఫ్ ఎంట్రీ మీదా షిప్పింగ్ బిల్లు మీదా నీ బ్రోకర్ తరఫున నువ్వే సంతకం పెట్టొచ్చు. ఇక్కడిదాకా డిప్లొమాతో హాయిగా రావచ్చు.

ఆ పైన మాత్రం మీ అమ్మగారి మాటే నిజం. సొంతంగా బ్రోకర్ లైసెన్స్ కావాలంటే ఇంకో పెద్ద పరీక్ష ఉంది, దానికి కూర్చోవాలంటే డిగ్రీ తప్పనిసరి, దాంతోపాటు జి కార్డు మీద కనీసం 2 ఏళ్ల అనుభవం ఉండాలి. (ఎం.బి.ఎ., లా లాంటివి చేసినవాళ్లకి ఆ అనుభవం అక్కర్లేదు.) ఆ పరీక్ష పెట్టేది నాసిన్ అనే కస్టమ్స్ అకాడమీ. దాని కొత్త క్యాంపస్ మన శ్రీ సత్యసాయి జిల్లా పాలసముద్రంలోనే 2024 జనవరిలో మొదలైంది. నేను డిగ్రీ చదువుతున్నది ఈ పరీక్ష కోసమే.

అంటే డిప్లొమానా డిగ్రీనా అని తేల్చుకోవాల్సిన పనే లేదు. రెండు కోర్సులు ఒకేసారి చెయ్యొచ్చని యు.జి.సి. 2022లోనే అనుమతి ఇచ్చింది. డిప్లొమా కాలేజీకి వెళ్లి చెయ్యి, బి.కామ్ దూరవిద్యలో కట్టు. ఏడాది తిరిగేసరికి చేతికి పని వస్తుంది, ఆ జీతంలోంచి డిగ్రీ ఫీజు నువ్వే కట్టుకుంటావు. మొదటి జీతం చిన్నదే, ఆశలు పెట్టుకోకు. జి కార్డు వచ్చాక మాట మారుతుంది.

కాలేజీని ఎలా చూడాలంటే, ప్లేస్‌మెంట్ గురించి అడక్కు. ‘ఇంటర్న్‌షిప్‌కి పోయినేడు పిల్లల్ని ఎక్కడికి పంపారు, ఎన్నాళ్లు పంపారు’ అని అడుగు. పేర్లు చెప్పలేదంటే లేచి వచ్చెయ్. పాఠం చెప్పేవాళ్లలో ఒక్కరైనా ఈ లైన్లో పనిచేసినవాళ్లు ఉండాలి. మాకు డాక్యుమెంటేషన్ చెప్పిన సారు రిటైరైన షిప్పింగ్ ఆఫీసు మనిషి. పాత బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు ఎక్కించుకున్నట్టు ఓడ కంపెనీ ఇచ్చే కాగితం) కాపీలు కట్టలుగా తెచ్చి, పేర్లు కొట్టేసి మా చేతికిచ్చేవారు. సరుకు ఎవరిది, ఎక్కడెక్కింది, ఎక్కడ దిగుతుంది, ఫ్రైట్ (రవాణా కిరాయి) ఎవరు కట్టారు, అన్నీ దాన్ని చూసే చెప్పాలి. ఆ కట్టలే నా చదువు. మిగతా పుస్తకాలు పరీక్ష కోసం చదివాను.

సి.ఎఫ్.ఎస్.కి తీసుకెళ్లమని కాలేజీని పట్టుబట్టి అడుగు. మణలి వైపు ఒక యార్డులో మొదటిసారి బాక్స్ తెరవడం చూశాను. కట్టర్ తెచ్చిన కుర్రాడు సీల్ మీద పెట్టబోతుంటే మా సారు చెయ్యి అడ్డుపెట్టి ఆపేశారు. ముందు సీల్ మీది నంబర్ బిల్ ఆఫ్ లేడింగ్‌తో అంకె అంకె కలిపి చదవమన్నారు. తర్వాత దాన్ని ఫోటో తియ్యమన్నారు. ఆ తర్వాతే కట్టర్. తలుపు తెరవగానే సరుకు కదిలించకుండా ఇంకో ఫోటో. కార్టన్ల పైన తడి మరకలున్నాయా, లోపలి రేకులోంచి ఎక్కడన్నా వెలుతురు కనపడుతోందా చూడమన్నారు. రేపు ఇన్సూరెన్స్ క్లెయిమ్ వస్తే నిలబడేది ఆ ఫోటోలే. ఈ వరస ఏ పాఠంలోనూ నాకు ఇంత గట్టిగా పట్టలేదు.

డబ్బు ఖర్చు లేకుండా ఇవాళే మొదలుపెట్టగల పని ఒకటుంది. కంటెయినర్ మీద నాలుగు అక్షరాలు, ఆరు అంకెలు, పక్కన చిన్న డబ్బాలో ఏడో అంకె ఉంటాయి కదా. ఆ ఏడో అంకె ఊరికే వెయ్యరు, మిగతా పదింటినీ లెక్కగట్టి తెచ్చేది. అక్షరాలకి ఏ 10, బి 12, సి 13 అలా విలువలుంటాయి. 11, 22, 33 వదిలేస్తారు. మొదటిదాన్ని 1తో, రెండోదాన్ని 2తో, తర్వాత 4, 8, 16 ఇలా రెట్టింపు చేసుకుంటూ గుణించి, అన్నీ కూడి 11తో భాగించాలి. మిగిలేదే ఆ అంకె, 10 మిగిలితే సున్నా వేస్తారు. సి.ఎస్.క్యు.యు. 305438 తీసుకో. మొత్తం 6185 వస్తుంది, 11తో భాగిస్తే 3 మిగులుతుంది, డబ్బాలో ఉండాల్సింది 3. నంబర్ తప్పు టైప్ చేస్తే సిస్టమ్ ఇట్టే పట్టేసేది దీనివల్లే.

తిరువొత్తియూర్ అమ్మాయి:

అక్కా, అన్నా, చాలా థాంక్స్. అక్క రాసింది మొత్తం నాన్నకి చదివి వినిపించాను. జెన్‌సెట్ డీజిల్ దగ్గర ‘ఇంకోసారి చదువు’ అన్నారు. కంటెయినర్ లెక్క నేనూ వేశాను, 6185 వచ్చింది!

రెండు సందేహాలు. నాకు లెక్కలంటే కొంచెం భయం, డ్యూటీ లెక్కలు చాలా కష్టంగా ఉంటాయా? నాన్న అడగమన్నది ఇంకోటి. సి.ఎఫ్.ఎస్.లో పని రాత్రిదాకా సాగుతుంది కదా, ఆడపిల్ల ఇంటికెలా వస్తుంది అని.

క్లాస్‌రూమ్ నంబర్ 4:

అమ్మాయీ, నేను చెన్నైలోనే ఒక కమ్యూనిటీ కాలేజీలో పాఠాలు చెబుతాను. పై ఇద్దరూ పని గురించి బాగా చెప్పారు, చదువు గురించి రెండు మాటలు చెబుతాను.

కమ్యూనిటీ కాలేజీ అంటే తక్కువ రకం కాలేజీ అనే మాట మన తల్లిదండ్రుల దగ్గర ఇంకా వింటుంటాను, నాకు బాధగా ఉంటుంది. మన దేశంలో ఇవి 1995లో పాండిచ్చేరి విశ్వవిద్యాలయంతో మొదలయ్యాయి. డబ్బు లేదనో మార్కులు తగ్గాయనో చదువు ఆగిపోయినవాళ్లకి చేతిపనితో పాటు చదువు కూడా ఇవ్వాలన్నదే వీటి ఉద్దేశం. యు.జి.సి. పద్ధతిలో నడిచే ఏడాది డిప్లొమాకి 60 క్రెడిట్లుంటాయి. అందులో 36 నైపుణ్యానికి, 24 సాధారణ చదువుకి. నువ్వు చేరబోయే కాలేజీ టైమ్‌టేబుల్ అడిగి తీసుకుని చూడు. వారంలో ప్రాక్టికల్ గంటలే ఎక్కువ కనపడాలి. అంతా క్లాస్‌రూమ్ పాఠాలే అయితే పేరుకే స్కిల్ కోర్సు.

సర్టిఫికెట్ మీద ఏ యూనివర్సిటీ పేరుంటుంది, ఎన్.ఎస్.క్యూ.ఎఫ్.లో (నైపుణ్య కోర్సుల స్థాయిలు తేల్చే జాతీయ చట్రం) ఏ లెవెల్, క్రెడిట్లు అకడమిక్ బ్యాంక్‌లో (చదివిన క్రెడిట్లు దాచే ఆన్‌లైన్ ఖాతా) జమ చేస్తారా, ఈ మూడూ రాతపూర్వకంగా అడుగు. పై చదువుకి దారి తెరిచి ఉండేది వాటితోనే. లాజిస్టిక్స్ రంగానికి కేంద్రం గుర్తించిన స్కిల్ కౌన్సిల్ ప్రధాన కార్యాలయం కూడా మన చెన్నైలోనే ఉంది. కాలేజీకి దానితో ఒప్పందం ఉందని చెబితే అక్కడే కనుక్కోవచ్చు. చెప్పిన మాట నిజమైన కాలేజీ ఈ ప్రశ్నలకి నొచ్చుకోదు.

పారిస్ కార్నర్ అక్క:

సారు చెప్పిన మూడు ప్రశ్నలూ కాగితం మీద రాసుకుని వెళ్లు చెల్లీ. నన్ను ఆ రోజుల్లో ఎవరూ అలా కూర్చోబెట్టి చెప్పలేదు.

లెక్కలంటావా, చూడు. సరుకు విలువ, ఫ్రైట్, ఇన్సూరెన్స్ కలిపి లక్ష రూపాయలు అనుకో. బేసిక్ డ్యూటీ 10 శాతం అయితే 10,000. దాని మీద సోషల్ వెల్ఫేర్ సర్‌ఛార్జ్ 10 శాతం, అంటే 1,000. ఇప్పుడు మొత్తం 1,11,000. దీని మీద ఐ.జి.ఎస్.టి. (దిగుమతి మీద పడే జి.ఎస్.టి.) 18 శాతం, 19,980. మొత్తం కట్టాల్సింది 30,980. సర్‌ఛార్జ్‌ని లక్ష మీద వెయ్యకూడదు, డ్యూటీ మీదే వెయ్యాలి. కొత్తవాళ్లు తడబడేది అక్కడే. ఫ్రైట్ ఎంతో తెలియకపోతే సరుకు ఎఫ్.ఓ.బి. విలువలో (అక్కడ ఓడ ఎక్కేదాకా అయిన విలువ) 20 శాతం, ఇన్సూరెన్స్ తెలియకపోతే 1.125 శాతం వేసుకోమని వాల్యుయేషన్ రూల్స్‌లోనే ఉంది. ఇంతకు మించిన గణితం నాకు అవసరం పడలేదు. అసలు కష్టం హెచ్.ఎస్. కోడ్, అంటే ప్రతి సరుకుకీ ఉండే వర్గీకరణ నంబర్, తేల్చడంలో ఉంటుంది. ఒకే వస్తువు ప్లాస్టిక్‌దైతే ఒక చాప్టర్, స్టీలుదైతే ఇంకో చాప్టర్, డ్యూటీ కూడా మారిపోతుంది. అది చదవగా చదవగా వస్తుంది. నువ్వు వదలకుండా అడిగే రకం, నీకు వస్తుంది.

నాన్నగారి ప్రశ్నకి. నాన్నగారూ, మీరు అడిగింది న్యాయమైన ప్రశ్న. డాక్యుమెంటేషన్ పని ఆఫీసులోనే, కంప్యూటర్ ముందు. ఫైలింగ్ అంతా ఐస్‌గేట్ అనే కస్టమ్స్ పోర్టల్‌లో ఆన్‌లైనే, దానికోసం ఎక్కడికీ పరిగెత్తక్కర్లేదు. తిరువొత్తియూర్ నుంచి మణ్ణడికి మెట్రో ఉంది, దిగి నడిస్తే మా వీధులే. సి.ఎఫ్.ఎస్. పని ఉన్న రోజు సంగతి వేరు. మణలి రోడ్డులో చీకటి పడ్డాక ఆటో కూడా దొరకదు, అది మీకే బాగా తెలుసు. మా ఆఫీసులో ఆడవాళ్లు యార్డుకి వెళ్తే తీసుకెళ్లి తీసుకొచ్చే బండి ఆఫీసుదే, ఒంటరిగా పంపరు. అన్ని ఆఫీసులూ ఇలా ఉండవు. చేరేముందే ఆ మాట అడగమనండి, నసిగితే ఆ ఉద్యోగం వద్దు. యార్డుల్లో ఆడవాళ్లకి బాత్రూమ్ ఉందా అని కూడా అడగాలి, సిగ్గుపడే సంగతి కాదు. కొన్నిచోట్ల బాగుంది, కొన్నిచోట్ల ఇప్పటికీ లేదు. మేం అడుగుతూనే ఉన్నాం.

చెల్లీ, కాలేజీవాళ్లు సిలబస్ కాగితం ఇస్తే పేరు కనపడకుండా ఫోటో తీసి ఇక్కడ పెట్టు. డాక్యుమెంటేషన్‌కి ఎన్ని గంటలిచ్చారో, ప్రాక్టికల్ ఎంత ఉందో నేనూ గోడౌన్ అన్నా చూసి చెబుతాం. ఈలోపు నాన్నగారి బండిలో పడి ఉన్న పాత ఈ-వే బిల్లులు (రోడ్డు మీద సరుకుతో పాటు ఉండాల్సిన జి.ఎస్.టి. కాగితం), డెలివరీ చలాన్లు అడిగి తీసుకో. పార్ట్ ఏలో ఏముంది, పార్ట్ బిలో ఏముంది, గడువు ఎప్పటిదాకా వేశారు చూడు. 200 కిలోమీటర్లకి ఒక రోజు లెక్కన ఇస్తారు, గడువు తీరితే దానికి ముందు 8 గంటల్లోనో తర్వాత 8 గంటల్లోనో పొడిగించుకోవాలి. అర్థం కానిచోట నాన్నగారినే అడుగు, ఆయనకి అవి కొట్టినపిండి.